ఉలవకట్టు

కామాక్షయ్య కొలవందే దేన్నీ నమ్మే మనిషి కాదు. సర్కారు పశువుల ఫారంలో ఆవుల పాలూ దూడల బరువులూ కొలిచి కొలిచి, ఆఖరికి ఇంట్లో చారులో ఉప్పు సరిపోయిందా అని అడిగినా రెండోసారి రుచి చూస్తేగాని జవాబు చెప్పేవాడు కాదు. అలాంటి మనిషి చేతికి రెండు పందెపు గుర్రాలూ ఒక స్టాప్‌వాచీ వచ్చాయంటే ఇంక చెప్పేదేముంది.

మాఘమాసం. ఆ పొద్దున ఆటుకు నీళ్ళు బాగా వెనక్కి పోయి, మైపాడు ఒడ్డున ఇసుక గచ్చు చేసినట్టు గట్టిపడింది. కామాక్షయ్య గొడుగు చంకలో పెట్టుకుని, ఎర్రగుడ్డ కట్టిన సరుగుడు గుంజ దగ్గర నిలబడ్డాడు. గాలి ఏ పక్కనుంచి వీస్తోందో తెలియడానికి చిటికెడు పొడి ఇసుక పైకి విసిరి చూశాడు. తేమ చూడటానికి మడమతో నేల తొక్కి చూశాడు. అన్నీ లెక్కలో వేసుకున్నాక చెయ్యెత్తాడు. మూడు ఫర్లాంగుల అవతల చిన్నపోలయ్య అనే చేపలుపట్టే పట్టపాయన తుండుగుడ్డ ఊపాడు. వాచీ మీద కామాక్షయ్య బొటనవేలు పడింది.

నల్లపిల్ల వస్తోంది. మద్రాసు రికార్డుల్లో ఆ ఆడగుర్రానికి నోరు తిరగని ఇంగ్లీషు పేరేదో ఉంది గానీ, కొట్టంలో అందరికీ అది నల్లపిల్లే. మీద మస్తానయ్య దాని మెడకు ఆనుకుని పడుకున్నట్టు ఉన్నాడు. నెల్లూరులో జట్కా తోలినవాడు, నలభై దాటినా పిడికెడు మనిషి. గుంజ దాటి గుర్రం దూసుకుపోయింది. కామాక్షయ్య వాచీ నొక్కి, ముల్లు చూసి, నోరు చప్పరించాడు.

మస్తానయ్య దాన్ని మెల్లగా తిప్పుకొచ్చి దిగాడు. కామాక్షయ్య దాని దవడకింద నరం మీద వేళ్ళానించి నాడి చూశాడు. అంత దూరం పరిగెత్తిన జీవానికి అంత తొందరగా నాడి కుదుటపడటం అతను ఏ పశువులోనూ చూడలేదు.

"ఎట్టుంది సార్ పిల్ల?" అన్నాడు మస్తానయ్య, చెమట గీకుతూ.

"నాడి బాగుంది. గడియారమే బాగలేదు."

"బాగానే వొచ్చిందే. నా చెవులో గాలి రోజుకన్నా గట్టిగా కొట్టింది."

"చెవులో గాలిని ఎట్టా రాసుకునేది మస్తానూ," అని కామాక్షయ్య మొగ వైపు నడిచాడు.

కాలవ వచ్చి సముద్రంలో కలిసే ఆ మొగకు ఉత్తరాన నల్లపిల్ల పరిగెత్తే బారు. దక్షిణాన ఎర్రోడిది. ఎర్రోడంటే నుదుట తెల్లచుక్క ఉన్న మగగుర్రం. నల్లపిల్ల నడిచిన ఇసుక మీద నడిపించినా చాలు, వాసన పట్టి పెదవి పైకెత్తి నిలబడిపోయేవాడు. అందుకని ఇద్దరికీ వేరు వేరు బార్లు పెట్టక తప్పలేదు. మోకాలి లోతు నీళ్ళు దాటి, ఎర్రోడి పని చూసే ఓబయ్యనే ఎక్కించి, వాడిని కూడా అలాగే పరిగెత్తించి, అలాగే చూశాడు కామాక్షయ్య. నాడి ఆయాసంగా కొట్టుకుంటోంది. గడియారం మాత్రం నల్లపిల్లకన్నా ఒక సెకను తక్కువ చూపించింది. మద్రాసు గిండీ పందేల్లో సెకను అంటే ఐదు గుర్రాల పొడుగు. ఆ తేడా ఈ ఒక్కరోజుది కాదు, మొదటిరోజు నుంచీ అంతే.

కామాక్షయ్యను తొలుస్తున్నది అదే. ఈ రెండు గుర్రాలనూ కొనిపించింది అతనే. అంతకుముందు కోవూరు ఆసామి హజరత్తయ్య సుడులు చూసి, రంగు చూసి, అమ్మినవాడి ముఖం చూసి గుర్రాలు కొని చేతులు కాల్చుకున్నవాడు. కామాక్షయ్య వచ్చాక ఆ పద్ధతి మారింది. తండ్రిగుర్రానికి పుట్టినవాటిలో నూటికి ఎన్ని గెలిచాయి, తల్లి ఎంత దూరం దాకా దమ్ము నిలబెట్టింది, ఛాతీ చుట్టుకొలత ఎంత, మోకాలికింద ఎముక ఎంత లావు, ఇవన్నీ లెక్క కట్టి ఏరుకున్న జత ఇది. గిండీలో ఒక్క గుర్రాన్నే పందేనికి పెట్టే తాహతు హజరత్తయ్యకుంది. రెండోదాన్ని అమ్మేయాలి. ఏది ఉంచుకోవాలో తేల్చి చెబితే కామాక్షయ్యను కూడా మద్రాసు తీసుకుపోయి, అక్కడి వ్యవహారమంతా అతని చేతిలో పెడతానన్నాడు. ఫారంలో ఉద్యోగం వదిలి వచ్చినవాడికి అది చిన్న మాట కాదు.

అన్ని కొలతల్లోనూ నల్లపిల్లే మిన్న. గడియారం మాత్రం కాదంటోంది.

కొట్టానికి తిరిగివచ్చేసరికి మస్తానయ్య ఉలవలు ఉడకేసి, నల్లపిల్ల నాలుగు కాళ్ళకూ గుడ్డకట్లు చుట్టి, అప్పుడు తొట్టిలో దాణా పెడుతున్నాడు. మేపేటప్పుడు కూడా కట్లు మరవడు. చెప్పకపోయినా ఎంత శ్రద్ధ వీడికి అని కామాక్షయ్య ఎప్పుడూ లోలోపల మెచ్చుకునేవాడు. సున్నం గోడమీద బొగ్గుతో తను రాయించిన దాణా వివరం పెద్ద అక్షరాల్లో ఉంది: ఉడికిన ఉలవలు, కట్టుతో సహా, రెండుపూటలా. ఓబయ్య అది కూడబలుక్కుని చదివి అందరికీ వినిపించాడు. చదువు రాని మస్తానయ్య అక్షరం పొల్లుపోకుండా నడుచుకుంటున్నాడని కామాక్షయ్య ధీమా.

*

కోవూరులో హజరత్తయ్య వసారాలో పడకకుర్చీలో కూర్చుని వక్కలు కత్తిరిస్తున్నాడు. వాళ్ళమ్మ కసుమూరు దర్గాకు మొక్కుకుంటే పుట్టినవాడు. మనసు మంచిదే, కానీ మాట చెవిన పడీపడగానే లేచే రకం. ఎద్దు ఈనిందంటే దూడను గాట కట్టెయ్యమనే రకమని ఆయన భార్య ప్రమీలమ్మే అంటుంది.

"ఎర్రోణ్ణే ఉంచుకోవాల," అన్నాడు కామాక్షయ్య. "గడియారం చెప్పేది అదే."

"అయితే నల్లదాన్ని అమ్మేద్దాం. సినిమా కంపెనీ వాళ్ళు అడుగుతుండారు. కత్తియుద్ధాల సినిమాలకు గుర్రాలు కావాలంట. శుక్రవారం మనిషి వొస్తాడు." హజరత్తయ్య వక్కలు నోట్లో వేసుకున్నాడు. "అది గాదు కామాక్షయ్యా. నల్లదానికే ఛాతీ ఎక్కువంటివి, ఎముక గట్టిదంటివి. మరి ఎనకబడేది ఎందుకని?"

ఇక్కడ తెలియదు అని ఉంటే సరిపోయేది. తెలియదు అనే మాట కామాక్షయ్య నోట అంత సులభంగా వచ్చేది కాదు. తీసివేత లెక్క చేసినట్టు వేళ్ళు మడిచాడు.

"పుట్టుకలో తేడా లేదు. ఒళ్ళు దానిదే మేలు. సాధన ఇద్దరికీ ఒకటే. ఇంక మిగిలింది తిండి. తిండిలో యాడనో తేడా ఉండాల."

హజరత్తయ్య నమలడం ఆపాడు. "తిండా," అన్నాడు. అడకత్తెర కింద పెట్టి లేచి, చెప్పుల కోసం కాళ్ళతో వెతుక్కున్నాడు. "గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదని నేను మూటలు మూటలు తోలిస్తా ఉంటే, నడమ ఎవుడు మేస్తుండాడు?"

"నేను అట్టా అనలేదు," అన్నాడు కామాక్షయ్య. అప్పటికే జీపు శబ్దం మొదలైంది.

జీపు మైపాడు చేరేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. కొట్టం చుట్టూ సరుగుడు తోపులో పొయ్యిలోకి ఆకు ఊడ్చుకుంటున్న ఆడవాళ్ళు నలుగురైదుగురు చీపుళ్ళు పట్టుకుని అలాగే నిలబడిపోయారు. చిన్నపోలయ్య వల బాగు చేసుకుంటూ తలెత్తాడు.

"తలగుడ్డ విప్పరా," అన్నాడు హజరత్తయ్య.

మస్తానయ్యకు మొదట అర్థం కాలేదు. గుర్రానికి మాలీషు చేసే కుచ్చు చేతిలోనే ఉంది. అర్థమయ్యాక కుచ్చు చంకలో ఇరికించుకుని, రెండు చేతులతో తలగుడ్డ విప్పి దులిపాడు. ఇసుక రాలింది. ఒక బీడీకట్ట రాలింది.

"పంచె మడత."

మడత కూడా విప్పి చూపించాడు. ఆడవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఏమీ దొరకలేదు. దొరకకపోవడమూ నేరమే అయింది. "రోజూ ఇంటికి చేరేసేవాడి దగ్గర ఈపొద్దు ఏం దొరుకుద్ది," అన్నాడు హజరత్తయ్య. "గుర్రం నోటికాడ ఉలవలు తింటావా? ఊరికే అంటల్లా. లెక్క తేల్చి చెప్పినాడు కామాక్షయ్య."

మస్తానయ్య కామాక్షయ్య వైపు తిరిగాడు. "సారూ. మీరు చెప్పండి. నేను తిన్నట్టు మీ గడియారంలో పడిందా?"

కామాక్షయ్య లేదు అనాలి. అంటే, మరి గుర్రం ఎందుకు వెనకబడుతోంది అని అడుగుతాడు హజరత్తయ్య. దానికి తన దగ్గర జవాబు లేదు. జేబులో వాచీని పట్టుకుని నేలచూపు చూశాడు. సిగ్గువేసింది. 

మస్తానయ్య కుచ్చును దాని మేకుకు తగిలించాడు. నల్లపిల్ల కాళ్ళ దగ్గర గొంతుకూర్చుని కట్లు ఒక్కొక్కటే విప్పి, బిగుతుగా చుట్టలు చుట్టి, గోడవార వరసగా పెట్టాడు. విప్పిన తలగుడ్డ మళ్ళీ కట్టుకోలేదు. భుజాన వేసుకుని తోపులోంచి వెళ్ళిపోయాడు. నల్లపిల్ల కొంచెం దూరం వరకూ చెవులు అటే పెట్టి చూసి, తర్వాత తొట్టిలో మూతి పెట్టింది.

*

తర్వాతి రెండు రోజులూ రెండు గుర్రాల పనీ ఓబయ్య మీద పడింది. కొట్టం పక్క గదిలో ఉండే కామాక్షయ్యతో ఓబయ్య అవసరమైతే తప్ప మాట్లాడలేదు. చిన్నపోలయ్య అయితే ఎదురుపడినా వల చూసుకుంటూ పోయాడు. అన్నం సయించక కామాక్షయ్య ఎక్కువసేపు గుర్రం ఎముకలే కొలుస్తూ కూర్చున్నాడు. ఎన్నిసార్లు కొలిచినా నల్లపిల్లదే మేలు.

బుధవారం మధ్యాహ్నం కాలంకాని కాలంలో వాన పడింది. ఒక గంట గట్టిగా కురిసి, వచ్చినట్టే పోయింది. కామాక్షయ్య గదిలోంచి బయటికి వచ్చి, దండెం మీద మరిచిపోయిన పంచె కోసం చెయ్యి చాచాడు. అందలేదు.

పొద్దున అదే దండెం మీద ఆరేసినప్పుడు తాడు వదులుగా వేలాడుతూ, పంచె అంచు ఇసుకకు తగులుతోందని రెండు మడతలు వేసి వేశాడు. ఇప్పుడు తాడు వీణతీగలా బిగుసుకుపోయింది. కట్టిన సరుగుడు వాసం లోపలికి ఒరిగింది. తడిసిన పంచె బరువుకు కూడా తాడు కిందికి దిగలేదు.

కామాక్షయ్య పంచె తియ్యలేదు. తాడును వేలితో మీటి, అలాగే నిలబడ్డాడు. జనపనార తాడు. బార్లు కొలిచిన తాడూ జనపనారదే.

ఆ కొలత అతని కళ్ళముందే జరిగింది. రోడ్లమీద కొత్తగా కిలోమీటరు రాళ్ళు పాతుతున్న రోజులు. ఆ మేస్త్రీ దగ్గర ఇనప టేపు ఒక్కపూట ఎరువు తెచ్చి, అరఫర్లాంగు తాడు అంగుళం తేడా లేకుండా కోయించాడు. టేపు తిరిగి ఇచ్చేయాలి. అందుకని తాడుతోనే ఉత్తరపు బారు కొలిచి గుంజలు పాతారు. తర్వాత చిన్నపోలయ్య తాడు కొస భుజాన వేసుకుని మొగ దాటాడు. మిగతా తాడంతా నీళ్ళలో ఈదుకుంటూ పాములా వెనక వచ్చింది. తడి తాడుతో దక్షిణపు బారు కొలిచారు. గాలినీ, తేమనూ, పోటునూ ఆటునూ లెక్కలో వేసుకున్న మనిషి, చేతిలో ఉన్న తాడును వేసుకోలేదు.

చిన్నపోలయ్య పడవ నీడలో కూర్చుని ఉంటే వెళ్ళి, "కొంచెం లేచి రాన్నా," అన్నాడు. అన్నా అనడం అదే మొదటిసారి. కొట్టంలో వేలాడుతున్న ఆ కొలతతాడునే తెచ్చి, తెరిపిచ్చిన ఎండకు పైపైన ఆరిన ఇసుక మీద సాగదీసి, రెండు కొసల దగ్గరా గుంజలు పాతారు. తర్వాత దాన్ని ఉప్పునీళ్ళలో ముంచి తెచ్చి, అదే చోట పరిచారు. ఒక కొస గుంజకు సరిపోయింది. రెండో కొస గుంజను చేరలేదు. చూస్తూ ఉండగానే ఇంకాస్త వెనక్కి జరిగింది.

"తడిస్తే ముడుచుకుంటది గదా సార్," అన్నాడు చిన్నపోలయ్య.

"ఆ రోజు చెప్పలేదే."

"ఆ పొద్దు నాకూ తట్టలా. చేపల బండి పొయ్యేలోపల కొలిపించేసి పోవాలని నా తొందర నాది."

కొట్టంలోంచి ఇంకో పొడి తాడు తెచ్చి, ఆ రెండు గుంజల మధ్య దూరానికే కోసి, ఇద్దరూ దానితో రెండు బార్లూ మళ్ళీ కొలిచారు. ఈసారి మొగ దాటేటప్పుడు కామాక్షయ్యే తాడును చుట్టచుట్టి నెత్తిన పెట్టుకుని దాటాడు. ఎర్రోడి బారు పాతిక గజాలు తక్కువ వచ్చింది. ఇసుకమీద పుల్లతో లెక్క వేసి చూసుకుంటే నల్లపిల్లే ముందుంది. వెంట్రుకవాసి కాదు, స్పష్టంగా ముందుంది. తను మొదట ఏరుకున్నది ఏరుకున్నట్టే ఉంది గుర్రం. ఆ సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. తలగుడ్డలోంచి రాలిన ఇసుక కళ్ళముందు ఆడింది.

ఈ సంగతి తనకూ చిన్నపోలయ్యకూ తప్ప ఎవరికీ తెలియదు. చిన్నపోలయ్య చెప్పుకునే రకం కాదు. శుక్రవారం నల్లపిల్లను తోలుకుపోతారు. తను మద్రాసు పోవచ్చు. చెబితే మాత్రం, నెలల తరబడి వేసిన లెక్క అంతా నీళ్ళపాలని తన నోటితో తనే ఒప్పుకోవాలి. నీళ్ళపాలే కదా నిజానికి, అనుకుని నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

చెప్పాలనే నిశ్చయించుకున్నాడు. అయితే పిరికివాళ్ళు చేసే పనే తనూ చేశాడు. కష్టమైన చోటికి ముందు పోకుండా, సులభమైన చోటికి పోయాడు.

*

మస్తానయ్య ఇల్లు రోడ్డుకు అవతల, రొయ్యపొట్టు ఆరబోసిన కళ్ళం పక్కన. అతని భార్య అంకాలమ్మ గుమ్మంలో కూర్చుని చిన్నపిల్లకు తల దువ్వుతోంది. సారును చూసి లేచి, చాప దులిపి వేసింది. మస్తానయ్య లోపల్నుంచి వచ్చి గుంజకు ఆనుకుని నిలబడ్డాడు. తలకు గుడ్డ లేదు.

కామాక్షయ్య ఒక్క గుక్కలో చెప్పేశాడు. తాడు తడవడం, బారు కురచ కావడం, నల్లపిల్ల ఏనాడూ వెనకబడకపోవడం. "నీ తప్పేం లేదు మస్తానూ. రేపే పోయి ఆయనతో చెప్తా."

మస్తానయ్య విన్నాడు. నల్లపిల్ల ముందుందన్నప్పుడు మాత్రం ముఖంలో ఏదో కదిలింది. "చెప్పినా గదా సార్, చెవులో గాలి," అన్నాడు.

"పొద్దుగూకేవేళకు వొచ్చినారు, రెండు మెతుకులు తినిపోండి సార్," అంది అంకాలమ్మ. వద్దంటే అది ఇంకో అవమానం అవుతుంది. విస్తరాకులో అన్నం పెట్టి, మూకుడులోంచి చిక్కటి ఎర్రటి చారు గరిటెతో పోసింది. "మొన్నటిదే. మరగబెడతా ఉంటే చెడిపోదు. ఇంక ఇదే ఆఖరు."

కామాక్షయ్య కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. ఉలవచారు. ఇన్నాళ్ళూ కొట్టంలో పీల్చిన వాసనే అది. రెండోసారి రుచి చూడాల్సిన పని లేకపోయింది.

చెయ్యి ఆకులోనే ఆగిపోయింది. మస్తానయ్య అది చూశాడు.

"గింజ ముట్టలా సార్," అన్నాడు. గొంతులో దాపరికమేమీ లేదు. "గింజ మొత్తం పిల్లే తినింది. ఉడికించినాక వొంచిన కట్టు తెచ్చుకుంటా ఉంటి. ఓబయ్యకు ఇల్లూ వాకిలీ లేదు, ఎర్రోడి కట్టు గూడా నాకే పోసేవాడు. కట్టు ఎవురైనా పారబోస్తారా?"

"నేను గోడమీద రాయించినా గదా. ఉలవలు కట్టుతో సహా పెట్టమని. బలమంతా కట్టులోనే దిగుద్దని గదా అట్టా రాసింది."

మస్తానయ్య అయోమయంగా చూశాడు. "అట్టనే పెట్టినాం గదా సార్. నాలుగు కాళ్ళకూ కట్లు కట్టకుండా ఒక్కపూటన్నా దాణా పెట్టినామా? మేసేటప్పుడు గూడా ఈ కాళ్ళకట్లు ఎందుకో అని ఓబయ్య అన్నాడు. పెద్ద చదువు చదివిన సారు, ఊరికే రాస్తాడా అన్నా నేను."

దువ్వెన పట్టుకున్న పిల్ల, వాళ్ళమ్మా, మస్తానయ్యా ముగ్గురూ కామాక్షయ్య ముఖంలోకే చూస్తున్నారు. నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది అతనికి. తను లోలోపల మెచ్చుకున్న శ్రద్ధ ఇదన్నమాట. రెండు గుర్రాలకూ కట్టు అందలేదు కాబట్టి తన లెక్కకు వచ్చిన తేడా ఏమీ లేదు. ఈ పిల్లకు మాత్రం రాత్రిపూట అన్నంలోకి చారు వచ్చింది.

"రాసింది సరిగా లేదు," అన్నాడు. ఆకులో ఉన్నదంతా తుడుచుకుని తిన్నాడు.

*

మర్నాడు కోవూరు పోయేసరికి హజరత్తయ్య భోజనానికి కూర్చుని ఉన్నాడు. ప్రమీలమ్మ వడ్డిస్తోంది. "నువ్వూ కూర్చో కామాక్షయ్యా," అందామె. తర్వాత తింటానక్కా అని, గడప పక్కన నిలబడే తాడు సంగతి మొత్తం చెప్పాడు. ఏదీ తగ్గించలేదు.

హజరత్తయ్య ముఖం ఎర్రబడింది. "అంటే ఒక తాడు తడిసిందని మంచి గుర్రాన్ని సినిమావాళ్ళ పాలు చెయ్యబోతిమి. నువ్వేమో పశువుల శాస్త్రం చదివినోడివి. నిన్ను నమ్మి మద్రాసులో ఏం పెట్టుబడి పెట్టేది?"

"అది మీ ఇష్టం. గుర్రం సంగతి చెప్పినా. మనిషి సంగతి గూడా చెప్పాల. మస్తానయ్యను అట్టా చేసుండకూడదు."

"తాడు కురచైతే వాడు మంచోడు అయిపోతాడా? ఇప్పుడు చెప్పు. వాడు ఉలవలు తీసినాడా, లేదా? నీ లెక్క ఏమంటది?"

నిన్నటి కామాక్షయ్య అయితే లెక్క ఏదో ఒకటి అనేదే. "నా లెక్క ఏమీ అనదు. ఆ పొద్దూ ఏమీ అనలా. తిండి అనే మాట నా నోట్లోంచి వొచ్చింది, లెక్కలోంచి గాదు," అన్నాడు. "నేను కళ్ళతో చూసింది చెప్తా. గింజ తియ్యలా. కట్టు ఇంటికి తీసుకుపోయినాడు."

"చూసినావా మరి," అంటూ హజరత్తయ్య భార్య వైపు తిరిగాడు. "తీసుకుపోయినాడంట."

ప్రమీలమ్మ చేతిలో గరిటె ఉంది. ఆయన అన్నం మధ్యలో గుంట చేసి ఉంది, చారు కోసం. ఆమె నింపాదిగా పోసి, పైన మీగడ వేసింది.

"మన ఎద్దులకు రోజూ ఉలవలు ఉడకేస్తారు గదా," అంది. "ఆ కట్టు ఎవురు తాగుతుండారు?"

హజరత్తయ్య అన్నంలోకి చూశాడు.  ఆయన కోపం పోయే రకం కూడా వచ్చే రకంలాంటిదే, ఉన్నపళంగా పోతుంది. అయితే పోయిందని ఒప్పుకోవడానికి మాత్రం టైము పడుతుంది. చారన్నం కలిపాడు, సగం తిన్నాడు, మిగతాది వదిలి చెయ్యి కడుక్కున్నాడు.

"చిన్నపోలయ్యతో వాడికి కబురు పెట్టు. రేపు పొద్దున నేనే వొస్తా," అన్నాడు. మద్రాసు మాట ఆయనా ఎత్తలేదు, కామాక్షయ్యా అడగలేదు.

*

శుక్రవారం సినిమా కంపెనీ మనిషి వచ్చి, రెండు గుర్రాలనూ చూసి, అడక్కముందే ఎర్రోడి దగ్గర ఆగిపోయాడు. నుదుట తెల్లచుక్క తెరమీద బాగా పడుతుందన్నాడు. అతని లెక్క అతనిది.

మస్తానయ్య వచ్చాడు. పిలిచినందుకు వచ్చాడు, పని కావాలి కాబట్టి వచ్చాడు, నల్లపిల్ల ఓబయ్య చేతిదాణా సగం వదిలేస్తోందని విన్నాడు కాబట్టి కూడా వచ్చాడు. భుజాన గుడ్డతో, ఒట్టి తలతో కొట్టం బయట నిలబడ్డాడు. ఆకు ఊడ్చే ఆడవాళ్ళు ఆ రోజూ ఉన్నారు.

హజరత్తయ్య జీపు దిగి అతని ముందుకు వచ్చాడు. ఏదో అనాలని వచ్చినవాడు, అనలేక తోపు చివరికంటా చూసి, గొంతు సవరించుకున్నాడు.

"తలగుడ్డ కట్టుకోరా," అన్నాడు.

ఆయన నోట క్షమించమనే మాటకు అదే దగ్గరి మాట. ఆడవాళ్ళకు వినపడేట్టే అన్నాడు.  మస్తానయ్య భుజం మీది గుడ్డ తీసి, దులిపి, తొందరపడకుండా తలకు చుట్టుకున్నాడు. కొస బిగించి లోపలికి వెళ్ళి, మేకుకున్న కుచ్చు అందుకున్నాడు.

ఉలవలు ఉడికాయి. అలవాటుగా మస్తానయ్య బాన వంచి కట్టు వేరే కుండలోకి వార్చాడు. ఎర్రగా, చిక్కగా, పొగలు కక్కుతూ దిగింది. హజరత్తయ్య అది చూసి, తను చెయ్యవలసిన మంచిపని ఇంకొకటి మిగిలిందని గుర్తొచ్చినట్టు ముందుకు వచ్చాడు.

"ఆ కట్టు ఇంటికి తీసుకుపోరా. నేనే చెప్తుండా. రోజూ తీసుకుపో."

మస్తానయ్య కుండ అంచుకు చుట్టిన పాతగుడ్డ సర్దాడు. "వొద్దులే అయ్యా. ఇన్నాళ్ళూ ఎవురూ ఇయ్యలా, నేనూ అడగలా. అట్టా జరిగిపోయింది. ఇప్పుడు తీసుకుపోతే అయ్య ఇచ్చిన కట్టు అయిపోద్ది. రేపు గుర్రం ఒక అడుగు ఎనకబడితే, అదే అడుగుతారు."

 కామాక్షయ్య గోడ దగ్గరికి పోయి, అరచెయ్యి తడిచేసుకుని, కట్టుతో సహా అన్న అక్షరాలను రుద్దడం మొదలుపెట్టాడు. బొగ్గు సున్నంలో కలిసి నల్లటి మరక అయింది గానీ పూర్తిగా పోలేదు.

"ఏంది సార్ చెరుపుతుండారు?"

"కట్టు."

"చెరిపితే మాత్రం?" అన్నాడు మస్తానయ్య. అందులో ఎత్తిపొడుపు లేదు. "అర్థం తెలిసిపోయింది గదా సార్."

కుండ ఎత్తి తొట్టిలోని ఉలవల మీద మొత్తం పోసేశాడు. నల్లపిల్ల మూతి ముంచి, ఆ కొత్త రుచికి ఒకసారి తలెత్తి చూసి, మళ్ళీ ముంచి చప్పుడు చేస్తూ తాగింది. కామాక్షయ్య నల్లటి అరచెయ్యి పంచెకు తుడుచుకున్నాడు.

ఇదేమీ తెలియని ఓబయ్య బయటినుంచి వస్తూ, దాణా వేళయింది కదా అని గోడవార ఉన్న గుడ్డచుట్టలు నాలుగూ పట్టుకొచ్చి గుర్రం కాళ్ళ దగ్గర కూర్చోబోయాడు.

"ఇంక ఆ కట్లెందుకులేరా," అన్నాడు మస్తానయ్య.